ఆరు సిలిండర్ల ఓపిక

చాండ్లర్,
20 జనవరి 1985

చి. రేణుకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలంగా ఉన్నది మీ బావ ఒక్కరే. నేను కాదు. అందుకని ఆ మాట వదిలేసి నేరుగా విషయంలోకి వస్తాను.

మా ఇంటి ముందు పడవ ఉంది. బొమ్మ పడవ కాదు, మోటారున్న పడవ. ఈయన ఆఫీసులో శ్రీధర్ అని ఉండేవాడే, ఉద్యోగం మారి హెర్న్‌డన్ వెళ్లిపోతూ దాన్ని ట్రైలర్‌తో సహా తెచ్చి మా డ్రైవ్‌వేలో నిలబెట్టి చక్కాపోయాడు. ఈ అరిజోనా ఎడారిలో పడవేమిటండీ అంటే, "కోనసీమలో పుట్టినవాణ్ణి. ఇన్నేళ్లుగా కుళాయి నీళ్లు చూసి బతుకుతున్నాను. పిల్లా జెల్లా లేని ఇంట్లో ఒక పడవ కూడా ఉండకూడదా?" అంటారు. నేను పడవ నీడలో కరివేపాకు కుండీ పెట్టుకున్నాను.

ఇప్పుడు దాన్ని కొండలెక్కించి రూజ్‌వెల్ట్ లేక్ దాకా లాగాలంటే మా చిన్న కారు చాలదు. పికప్ ట్రక్కు కావాలి, అదీ పెద్దది, అదీ సెకండ్‌హ్యాండ్‌ది. అందులో ఏ ఇంజన్ మంచిదో చెప్పేవాళ్లు కావాలి. డెట్రాయిట్ పక్కన ఇంజన్లు టెస్ట్ చేసే ఉద్యోగం వెలగబెడుతున్న మరదలు ఉండగా ఇంకెవరిని అడుగుతారు? అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఫోన్ నీదీ ఆయనదీ అయిపోయింది. మీ మాటలయ్యాక రిసీవర్ నా చేతికొస్తుంది. అప్పటికి నువ్వు "సరే అక్కా, లైన్ ఎక్కువసేపయింది, ఉంటా" అంటావు.

నాకు కుళ్లు అనుకుంటావేమో. కుళ్లే. దాచుకోవడం ఎందుకు? నాతో "పెరుగు తోడేశావా" అని తప్ప ఇంకో మాట లేని మనిషి నీతో సిలిండర్లంటూ, టార్కులంటూ పగలబడి నవ్వుతుంటే వంటింట్లో నాకు పోపు మాడిపోతోంది. మొన్న ఏమన్నారో విను. "పికప్‌లో ఒకటే పొడుగు సీటు గౌరీ, ముగ్గురం పడతాం. రేణు వస్తే మధ్యలో కూచోబెడదాం, గేర్ల గురించి చెప్తుంది." కట్టుకున్న పెళ్లాం కిటికీ పక్కన, మరదలు మధ్యలో! ఎంత బాగుందో చూడు.

అందుకని నా మాట విను. ఇకనుంచి ఆ ఇంజన్ల సంగతులేవో నాకు రాయి. తెలుగులో, నాకు అర్థమయ్యేట్టు. నేను నేర్చుకుని ఆయనకి చెప్తాను. ఏ ఇంజన్ కొనాలో ఆయన నన్నడగాలి. అంతే నాకు కావలసింది.

చలికి టోపీ పెట్టుకో. నీకు సైనస్ ఉంది.

పోపు మాడిన
గౌరక్క


నోవై,
3 ఫిబ్రవరి 1985

గౌరక్కకి,

నీ ఉత్తరం చదివి లంచ్ రూమ్‌లో ఒక్కదాన్నే నవ్వుతుంటే మా వాళ్లు వింతగా చూశారు. బావని నాకు అప్పగించావు, మళ్లీ లాక్కున్నావు, మధ్యలో నన్నొక్క మాటైనా అడగలేదు. సరే, నీ మొగుణ్ణి నువ్వే ఉంచుకో. నాకిక్కడ మంచులోంచి కారు తవ్వుకోవడానికే టైమ్ చాలట్లేదు.

ఇంజన్ పాఠం ఇదిగో. పెద్ద పికప్‌లలో నీకు నాలుగు రకాలు తగులుతాయి.

మొదటిది సిక్స్. ఆరు సిలిండర్లు బడిపిల్లల్లా వరసగా నిలబడతాయి. దీనికి స్పీడ్ లేదు. కానీ బండి నెమ్మదిగా ఉన్నప్పుడే, అడుగునుంచే లాగుతుంది. నాగలి ఎద్దు చూశావుగా, పరిగెత్తమంటే పరిగెత్తదు, లాగమంటే పొద్దుగూకేదాకా లాగుతుంది. టార్క్ అని మేం వేడెక్కి మాట్లాడుకునేది దీని గురించే, ఇంకేం లేదు. హుడ్, అదే మన బానెట్, ఎత్తితే బోలెడు ఖాళీ, రిపేర్ తేలిక. ఘాట్ రోడ్డు మీద మాత్రం చిన్న గేర్‌లో వేసుకుని మెల్లగా ఎక్కాలి. వెనకాలవాళ్లు హారన్ కొడుతుంటే ఓర్చుకోవాలి.

రెండోది చిన్న వీ-ఎయిట్, అంటే ఎనిమిది సిలిండర్లది, త్రీఫిఫ్టీ అంటారు. అన్నిటికీ మధ్యరకం. లాగుతుంది, పరిగెడుతుంది, పార్ట్స్ ఎక్కడైనా దొరుకుతాయి. మూడోది పెద్ద వీ-ఎయిట్, ఫోర్ ఫిఫ్టీఫోర్. ఇంటికి తాడు కట్టి లాగమన్నా లాగుతుంది గానీ పెట్రోల్ తాగదు, జుర్రుతుంది. ఒక చిన్న పడవ కోసం అది దండగ. నాలుగోది డీజిల్. మైలేజ్ బాగా ఇస్తుంది, కానీ కొండెక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఇక్కడి చలికి పొద్దున్నే లేవనంటుంది. అదీ పాతది, ఎవడు ఎలా వాడాడో తెలియదు. వద్దు.

సిక్స్ మంచిదే, కానీ దానికి ఓపికున్న డ్రైవర్ కావాలి. బావకి అది లేదు. పెళ్లిచూపుల రోజునే చూశాగా! కాబట్టి మీరు త్రీఫిఫ్టీ కొనండి.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. బండి అమ్మేవాడికి ముందుగా చెప్పి వెళ్లకండి. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉందంటే, సరిగ్గా స్టార్ట్ కాని బండిని అమ్మేవాడు నువ్వు రాకముందే వేడిచేసి పెట్టాడన్నమాట. అలాంటిది వదిలేసి వచ్చెయ్యి.

టోపీ పెట్టుకుంటున్నాను.

రేణు


చాండ్లర్,
24 ఫిబ్రవరి 1985

రేణూ,

పాఠం బాగుంది. అప్పజెప్పాను కూడా. రాత్రి భోజనాల దగ్గర సిక్స్ అడుగునుంచి లాగుతుందండీ, డీజిల్ ఆయాసపడుతుందండీ అంటుంటే ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. మొహం వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడన్నారు, "రేణు చెప్పిందా?" అని. నేనేం చెప్పినా అదే మాట. త్రీఫిఫ్టీ అంటే రేణు చెప్పిందా, రేడియేటర్ అంటే రేణు చెప్పిందా! రేపు పప్పులో ఉప్పు తక్కువైందంటే అది కూడా రేణు చెప్పిందనే అంటారు.

అది పోనీ. నీ ఉత్తరంలో ఒక వాక్యం నాకు రెండు వారాలుగా గొంతులో ముల్లై కూచుంది. "బావకి ఓపిక లేదు, పెళ్లిచూపుల రోజునే చూశా." ఆయనకి ఓపికుందో లేదో నీకెలా తెలుసే? కాపురం చేసేది నేనా, నువ్వా?

ఆ రోజు ఎత్తావు గనక నేనూ ఎత్తుతాను. ఇప్పటిదాకా అమ్మకి కూడా చెప్పలేదు.

కాకినాడలో మన ఇంటికి వాళ్ల పెద్దవాళ్లంతా టాక్సీలో వచ్చారు, ఈయన మాత్రం స్కూటర్ మీద వచ్చారు. అమ్మ తల ఎత్తొద్దంది. ఎత్తలేదు. కాఫీ ఇచ్చాను, లోపలికొచ్చేశాను. ఆయన చెప్పులు తప్ప ఇంకేం చూడలేదు. టాక్సీ వెళ్లిపోయింది. ఈయన స్కూటర్ సందు మలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. తోసుకుంటూ మళ్లీ మన గుమ్మంలోకే వచ్చారు. నాకు బయటికి రావాలని ఎంత ఉందో దేవుడికే తెలుసు. అమ్మ కదలనివ్వలేదు. కిటికీ ఊచల్లోంచి చూస్తూ నిలబడ్డాను. నువ్వేమో పైట బొడ్లో దోపుకుని, చేతులకి మసి పూసుకుని, ఆ స్కూటర్ కింద కూచుని బాగుచేశావు. ఆయన నిన్ను చూసి నవ్వారు. ఆ నవ్వే నేను ఆయన మొహంలో మొట్టమొదట చూసింది. అది నాకోసం కాదు.

వారం తిరక్కుండా ఒప్పుకున్నామని కబురొచ్చింది. ఒప్పుకున్నది నన్నా? అక్క ఉండగా చెల్లెలికి పెళ్లి చెయ్యనని నాన్న అని ఉంటారు. సరే, ఏదో ఒకటి, ఆ ఇంటి పిల్లే కదా అని నన్ను చేసుకుని ఉంటారు. పెళ్లయి పన్నెండేళ్లవుతోంది. ఈ అనుమానం ఒక్క పండగ పూట కూడా నన్ను వదల్లేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆ నవ్వే ఫోన్లో వినిపిస్తోంది.

రాసేశాను. చింపేస్తే మళ్లీ రాయలేను కాబట్టి పోస్ట్ చేసేస్తున్నాను.

గౌరి


నోవై,
17 మార్చి 1985

అక్కా,

పన్నెండేళ్లు ఇది మనసులో పెట్టుకుని నాకు గోంగూర పచ్చడి పార్సిళ్లు పంపావా? తింటుంటే నీకు కోపం రాలేదా?

నాన్న అలా అన్నారో లేదో నాకు తెలియదు. నన్నెవరూ ఏదీ అడగలేదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆ రోజు నాకు బావ మొహం గుర్తుకూడా లేదు. నాకు గుర్తున్నది స్కూటర్. మావయ్యలూ, పక్కింటి కృష్ణమూర్తిగారూ, ఇంతమంది మగవాళ్లు చుట్టూ నిలబడి ప్లగ్ అన్నారు, క్లచ్ అన్నారు, రోడ్డు మీద తొయ్యమన్నారు. నేను కింద కూచుని చూస్తే పెట్రోల్ నాబ్ కట్టేసి ఉంది. తిప్పాను. ఒక్క తన్నుకి స్టార్టయింది. అంతమందికి కనపడనిది నాకు కనపడింది. డాక్టర్ చదవమని ఇంట్లో అందరూ అంటుంటే మెకానికల్ చదువుతానని ఆ సాయంత్రమే నాన్నతో చెప్పాను. ఇక్కడ ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఆ స్కూటర్ కథే చెప్పాను. నా బతుకంతా ఆ నాబ్ దగ్గర మొదలైంది. దాన్ని నువ్వు కిటికీలోంచి అలా చూశావని తెలిసి ఏమనుకోవాలో తెలియట్లేదు.

పెట్రోల్ నాబ్ కూడా చూసుకోకుండా బండి తోసుకొచ్చిన మనిషి కాబట్టి ఓపిక లేదన్నాను. ఇంకే అర్థం లేదు.

ఇక ఆదివారాలు ఫోన్ చెయ్యను. బావ చేసినా నేను ఇంట్లో ఉండను. ఇప్పుడు నీకు మనశ్శాంతి కదా.

రేణు


చాండ్లర్,
9 జూన్ 1985

రేణూ,

కోపం తగ్గిందా? నాకు తగ్గలేదు. కానీ ట్రక్కు కొన్నాం. ఆ గొప్ప నీకు గాక ఇంకెవరికి చెప్పుకోను? అందుకని రాస్తున్నాను.

నువ్వు ఫోన్ మానేశాక ఈయన రెండు ఆదివారాలు ఫోన్ చుట్టూ తిరిగారు. "రేణుకేమైంది?" అన్నారు. ఆఫీసులో పని ఎక్కువట అని అబద్ధం ఆడేశాను. మూడో ఆదివారం పేపర్లో బళ్ల ప్రకటనల పేజీ మడిచి నా ముందు పెట్టి, "సరే గౌరీ, నువ్వే రా, చూద్దాం" అన్నారు. నిన్ను అడగడానికి లేక నన్నడిగారు. తెలుసు నాకు. అయినా చీర మార్చుకుని వెళ్లాను.

నీ హుడ్ పాఠం నా పరువు తీసింది. చెప్పకుండా వెళ్లమన్నావు. ఈయన పంచాంగం తీసి, పదకొండింటికి వర్జ్యం పోతుంది, ఆ తరవాత వస్తామని అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి మరీ చెప్పారు. నేను తిన్నగా వెళ్లి హుడ్ మీద అరచెయ్యి ఆనించాను. చుర్రుమంది! "మోసం! వేడిచేసి పెట్టాడు, పదండి పోదాం" అని తెలుగులో అరిచాను. ఈయన నన్ను పక్కకి తీసుకెళ్లి, "గౌరీ, ఆ రేకు మెయిల్‌బాక్స్ మీద చెయ్యి పెట్టి చూడు" అన్నారు. పెట్టాను. అదీ చుర్రుమంది. "దాన్ని కూడా స్టార్ట్ చేసి ఉంచాడంటావా?" అన్నారు. నీకేం, మంచులో కూచుని రాస్తావు. ఈ ఎడారి ఎండలో అన్నీ వేడే. మీ డెట్రాయిట్ చదువు అరిజోనాలో చెల్లలేదని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక బళ్లు. ఫోర్ ఫిఫ్టీఫోర్ స్టార్ట్ చెయ్యగానే ఈయన మొహంలో పెళ్లికళ వచ్చేసింది. వీధి చివరిదాకా వెళ్లొచ్చేలోపు పెట్రోల్ ముల్లు కదలడం నా కళ్లతో నేనే చూశాను, వద్దన్నాను. డీజిల్‌లో కూచుంటే రైస్ మిల్లులో కూచున్నట్టుంది. ఈయనకి అమలాపురం గుర్తొచ్చి దిగనన్నారు. బలవంతాన దింపాను. నువ్వు చెప్పిన త్రీఫిఫ్టీ కూడా చూశాం. బాగుంది. ఏ వంకా లేదు. అందుకే వద్దన్నాను.

నిజం చెప్తున్నాను, వేరే కారణం లేదు. నువ్వు చెప్పింది కాబట్టే వద్దన్నాను. సిక్స్ కొందామన్నాను. "సిక్స్‌కి ఓపిక కావాలటగా" అన్నారు ఈయన. "మీకుంది" అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు. నీకు తెలుసునన్నావే, ఆ మంట మీద అనేశాను. ఆయన నా వంక ఒకసారి చూసి సరే అన్నారు.

మీసా అనే ఊరి అవతల ఒక ముసలి పత్తిరైతు బండి అది. పాలిపోయిన ఆకుపచ్చ రంగు. మగవాళ్లిద్దరూ హుడ్‌లో తలలు పెట్టి పావుగంట తియ్యలేదు. ఆ రైతు భార్య, పెద్దావిడ, నన్ను లోపల కూచోబెట్టి గేర్లు, లైట్లు, రెండు పెట్రోల్ ట్యాంకులు, దేనికి ఏ స్విచ్చో అన్నీ చూపించింది. ఇన్నాళ్లూ నడిపింది ఆవిడేనట. టైర్ల కింద నిమ్మకాయలు పెడితే, నా సంచిలోంచి జారిపోయాయనుకుని పాపం వంగి ఏరి నా చేతిలో పెట్టింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఏరింది.

ఆగస్టులో లేక్‌కి వెళ్తాం. మేమిద్దరమే.

గౌరి


నోవై,
30 జూన్ 1985

అక్కా,

సిక్స్ మంచి బండి. నేను చెప్పింది కాదని కొన్నా మంచి బండే, అది నీ అదృష్టం. కొండెక్కేటప్పుడు ఏసీ ఆపేయండి. హీట్ గేజ్ చూస్తూ ఉండు. రేడియేటర్ కోసం నీళ్ల క్యాన్ పెట్టుకోండి. వేడిగా ఉన్నప్పుడు దాని మూత విప్పొద్దని బావకి చెప్పు. ఆయన విప్పేస్తాడు.

మెయిల్‌బాక్స్ దగ్గర నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నాను గానీ వచ్చేసింది. మీరిద్దరూ కలిసి బళ్లు చూడ్డానికి తిరిగిన ఆ పేజీ రెండోసారి కూడా చదివాను. ఎందుకని అడక్కు.

నీళ్ల క్యాన్ మర్చిపోకు.

రేణు


చాండ్లర్,
18 ఆగస్టు 1985

మా రేణుకి,

ఈ ఉత్తరం నీకు రాయకూడదని వారం రోజులు నోరు కట్టుకున్నాను. నా వల్ల కాలేదు. కడుపు ఉబ్బిపోతోంది. చదివి నన్ను తిట్టుకున్నా సరే.

కిందటి శనివారం పడవ తగిలించుకుని బయల్దేరాం. మీసా దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి బండి మెల్లబడింది. మూడో గేర్, ఆ తరవాత రెండో గేర్. వెనకాల కార్లు పెళ్లి ఊరేగింపులా కట్టేశాయి. ఒకడు హారన్ కొట్టాడు, ఒకడు వేలు చూపించి పోయాడు. ఈయన చొక్కా తడిసి ముద్దయింది. ఈ బండి నా మూర్ఖత్వంతో కొనిపించింది కదా! ఇప్పుడు "త్రీఫిఫ్టీ కొనాల్సింది, రేణు చెప్పింది" అంటారు, అనేస్తారు అని ఆయన నోటివంకే చూస్తూ కూచున్నాను. అన్లేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ, గోదాట్లో పడవెక్కినట్టు కూచున్నారు.

సరిగ్గా అప్పుడు బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పక్కకి తీశారు. మళ్లీ మళ్లీ తిప్పారు. రాలేదు. దిగి హుడ్ ఎత్తి చూశారు, ఏమీ తెలియలేదు. చుట్టూ కొండలు, కాక్టస్ చెట్లు, నిప్పులు చెరిగే ఎండ. "కింద గ్యాస్ స్టేషన్ దగ్గర ఫోన్ బూత్ చూశాను. నడిచి వెళ్లి రేణుకి చేస్తాను, అదే చెప్పాలి" అన్నారు.

ఆ మాటతో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎడారి మధ్యలో కూడా నువ్వే! ఆ కోపంలో నేనే స్టీరింగ్ ముందుకి జరిగి కూచున్నాను. పెట్రోల్ ముల్లు అడుగున ఉంది. మీసా పెద్దావిడ చెప్పింది చటుక్కున గుర్తొచ్చింది. ఒక ట్యాంకు ఐపోతే స్విచ్చు రెండోదానికి తిప్పాలి. మగవాళ్లు హుడ్‌లో తలలు పెట్టారుగా, వాళ్లు వినలేదు. తిప్పాను. తాళం కొంచెంసేపు తిప్పి పట్టుకున్నాను. బండి లేచింది.

రోడ్డు మీద రెండడుగులు వేసిన మనిషి ఆగి, వెనక్కి తిరిగి, నవ్వడం మొదలుపెట్టారు. రేణూ, ఆ నవ్వే. కాకినాడ నవ్వే. తలుపు పట్టుకుని నిలబడి నవ్వి నవ్వి, "మీ ఇంటివాళ్లు నాకు ఇలా చెయ్యడం ఇది రెండోసారి" అన్నారు.

"మొదటిసారి మా చెల్లెలు. తెలుసు. కిటికీలోంచి చూశాను" అన్నాను, ఎంత విషం కలపాలో అంతా కలిపి.

"చూశావా? మీ చెల్లెలు ఆ రోజు నా కొంప ముంచింది గౌరీ!"

"మీ బండి బాగుచేస్తే కొంప ముంచడమా?"

"బాగుచెయ్యడమేంటే? దానికేం పాడైందని? సందు మలుపులో పెట్రోల్ నేనే కట్టేశాను."

నాకు అర్థం కాలేదు. ఎందుకన్నాను.

"నువ్వు తల ఎత్తితేగా! కాఫీ ఇచ్చేటప్పుడు కూడా నీ పాపిడి తప్ప ఏమైనా కనబడిందా? మొహం చూడకుండా ఏం ఒప్పుకుంటాను? బండి చెడిపోయిందని తోసుకొస్తే మెకానిక్ వచ్చేదాకా గంటైనా మీ అరుగు మీద కూచోవచ్చు, ఈలోగా నువ్వు ఒక్కసారైనా మంచినీళ్లిచ్చి వెళ్తావనుకున్నాను. ఎంతసేపైనా కూచుందామనే వచ్చాను. మీ చెల్లెలు వచ్చి ఒక్క నిమిషంలో స్టార్ట్ చేసి నన్ను పంపించేసింది."

"మరి నవ్వారుగా?"

"ఇంతమంది ముందు ఏడిస్తే బాగుంటుందా?"

మరి మొహం చూడకుండా ఎలా ఒప్పుకున్నారని అడిగాను. ఆయన బండెక్కి నా పక్కన కూచున్నారు. "స్టార్టయ్యాక ఇంకేం చేస్తాను, బయల్దేరాను. గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డావు. మీ చెల్లెల్ని నమిలి మింగేసేలా చూస్తున్నావు. అమ్మో, ఈ పిల్లకి నేను కావాలి అనుకున్నాను. ఇంటికెళ్లగానే ఒప్పేసుకున్నాను" అన్నారు.

ఇన్నేళ్లలో ఎందుకు చెప్పలేదంటే, మామగారికి తెలిస్తే ఏమనుకుంటారని సిగ్గుపడ్డారట. ఆయన పోయాక ఆ సంగతి ఎత్తాల్సిన అవసరమే రాలేదట.

నేను రోడ్డు పక్కన బండిలో కూచుని ఏడ్చాను. ఆయన నీళ్ల క్యాన్ ఇచ్చారు. రేడియేటర్ కోసం పెట్టుకున్నది నేను తాగాను. మళ్లీ రెండో గేర్‌లో బయల్దేరాం. ఇంకా మెల్లగా ఎక్కినా బాగుండుననిపించింది.

ఈయనకి ఓపిక లేదన్నావు కదా. ఉందే. నువ్వు ఆ నాబ్ తిప్పకపోతే ఆ రోజే నీకు కనపడేది. నేనన్న మాటలకి నువ్వెంత బాధపడ్డావో నాకు తెలుసు. క్షమించమని రాయడం నాకు రాదు. నవంబర్లో రా. లేక్‌కి వెళ్దాం.

గౌరక్క


నోవై,
22 సెప్టెంబర్ 1985

అక్కా,

జవాబు ఆలస్యమైంది. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

పెట్రోల్ కట్టేసినా కార్బురేటర్‌లో మిగిలింది అయ్యేదాకా బండి నడుస్తుంది. సందు మలుపులో కట్టేస్తే మలుపు దాటీ దాటగానే ఆగుతుంది, అక్కణ్ణుంచి తోసుకురావడం తేలిక. బావ లెక్క చూసుకునే చేశాడు. ఇదంతా చదివినదాన్ని, నాకెప్పుడో తట్టాల్సింది. తట్టలేదు. నాబ్ కట్టేసి ఉందనే చూశాను గానీ ఎవరైనా కావాలని కట్టేస్తారని నాకు తోచనే లేదు.

ముందు నీమీద కోపం వచ్చింది. నాకున్న ఒక్క కథా తీసేసుకున్నావనిపించింది. ఇంటర్వ్యూలో చెప్పినది, ఇక్కడ కొత్తవాళ్లకి చెప్పేది, నాన్న పోయేముందు హాస్పిటల్లో నా చేత మళ్లీ చెప్పించుకున్నది అదే కథ. అందులో చెడిపోయిన బండే లేదు. తరవాత ఆ కోపమూ పోయింది. కుళ్లు వచ్చింది. నువ్వు దాచుకోలేదు కదా, నేనెందుకు దాచుకోవాలి?

నా దగ్గరికి వచ్చేవాళ్లంతా బండి కదలడం లేదనే వస్తారక్కా. మా ల్యాబ్‌లోనూ అంతే, పార్కింగ్ లాట్‌లోనూ అంతే. బాగుచేస్తాను, థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. నన్ను చూడ్డానికని బాగున్న బండిని ఆపుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. నీ కోసం ఒకడు ఆపితే, దాన్నీ నేనే వెళ్లి స్టార్ట్ చేశాను.

నవంబర్లో వస్తాను. టికెట్ కొన్నాను. బావని ఎయిర్‌పోర్ట్‌కి ఆ పచ్చబండే తెమ్మను. నువ్వు మధ్యలో కూచో. నాకు కిటికీ పక్కన చాలు.

గోంగూర ఈసారి కొంచెం ఎక్కువే పెట్టు.

రేణు